అరిగిన సున్నా

వీధి చివర మెట్ల కింద ఇరుక్కున్న లాప్‌టాప్ రిపేరు కొట్టులో కూర్చునే మనిషిని అందరూ భూతద్దం అంటారు. నుదుటికి పట్టీతో కట్టుకున్న భూతద్దాన్ని భోజనానికి కూడా తియ్యడు మరి. పనిమంతుడే, కాదనడానికి లేదు. కాకపోతే ఎవరితోనైనా గట్టిగా ఒక మాట అనాల్సి వస్తే నీళ్లు నమిలే రకం. ఎదుటివాడు తప్పు చేస్తున్నాడని కళ్లారా చూస్తూ కూడా, వాడంతట వాడే తెలుసుకుంటాడులే అని ఊరుకునే మంచితనం అతనిది. ఆ మంచితనం ఎవరికేం ఒరగబెట్టిందో మీరే చూద్దురు గాని.

ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి షట్టరు సగం ఎత్తేసరికి ఎదురుగా అక్క నిలబడి ఉంది. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఒక సంచీని గుండెలకు హత్తుకుని ఉంది.

"ఒరేయ్, ముందు లోపలికి పద. ఎవరైనా చూస్తారు."

"ఏం తెచ్చావేంటి, దొంగసొమ్మా?"

"ఇంచుమించు అంతే," అని సంచీలోంచి లాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టింది.

అది ఆస్పత్రిది. అక్క పని అక్కడే, నేలమాళిగలో ఉన్న మందులు కలిపే గదిలో. డాక్టర్లు రాసిన చీటీలు అక్కడికి వస్తాయి. చీటీ మీది బార్‌కోడు గీతల్ని యంత్రం తనే చదువుకుని, రోగి ఎవరో, మందు ఏదో తెలుసుకుంటుంది. మందు ఎంత కలపాలో ఆ అంకె మాత్రం అక్క లాప్‌టాప్‌లో కొట్టాలి. కొట్టగానే యంత్రం అంత మందునూ సెలైన్ సంచిలోకి దించుతుంది. పదకొండేళ్లుగా రోజుకు వంద సంచులు ఆవిడ చేతి మీదుగా పోతున్నాయి. కళ్లు చీటీ మీద, వేళ్లు అంకెల మీద. కీబోర్డు వంకా చూడదు, తెర వంకా చూడదు. చూడకుండా కొట్టగలనని ఆవిడకి కొంచెం గర్వం కూడా.

భూతద్దం మూత తెరిచి, ముక్కు కీబోర్డుకి ఆనేంత వంగి చూశాడు. అక్షరాలు సగానికి సగం చెరిగిపోయాయి. కుడివైపు అంకెల గడులైతే పూర్తిగా బోడిగా ఉన్నాయి. కింద అడ్డంగా ఉండే సున్నా బటన్ మీద బొటనవేలు ఆనేచోట నున్నటి గుంట పడింది.

"రాయి అరిగినట్టు అరిగిందే! దీంతో ఎలా చేస్తున్నావక్కా?"

"నాకేం ఇబ్బంది లేదురా. రేపట్నుంచి సాయానికి కొత్తమ్మాయి వస్తోంది. పాత అమ్మాయి పురిటికి వెళ్లిపోయి రెండు నెలలైంది, ఒంటి చేత్తో ఈడుస్తున్నా. ఈ బోడి కీబోర్డు చూసి కొత్తపిల్ల బెదిరిపోతుంది కదా. మార్చమని ఏడాదిన్నరగా వాళ్ల చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నా. కొత్త లాప్‌టాపే ఇస్తాం, ఆగండి అంటారు. ఇవ్వరు."

"అసలు దీన్ని బయటికి తేవచ్చా?"

"తేకూడదు. తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. ఇవాళ గది కడుగుతున్నారు, పన్నెండింటి దాకా ఎవరూ రారు. అప్పటికల్లా దాన్ని దాని చోట పెట్టేస్తా. నువ్వు కబుర్లాపి పని కానియ్."

ఉద్యోగం ఊడుతుంది అన్న మాట ఆవిడ నవ్వుతూనే అంది. భూతద్దం మాత్రం నవ్వలేదు. బావ నడుం పడిపోయి మూడేళ్లుగా మంచం మీదే ఉన్నాడు. మేనకోడలి చదువు ఇంకా సగంలోనే ఉంది. ఆ ఇల్లు మొత్తం అక్క జీతం మీదే నిలబడి ఉంది. ఒకప్పుడు తననీ చదివించింది ఆవిడే.

పని చెయ్యడంలో మాత్రం అతనికి వంక పెట్టలేం. అడుగు మూత మరలు పదమూడూ విప్పి, ఏది ఎక్కడిదో కాగితం మీద గీసిన బొమ్మలో అక్కడక్కడే గుచ్చాడు. ముందు బ్యాటరీ వైరు తీశాడు. కీబోర్డుని చట్రానికి పట్టించిన ప్లాస్టిక్ బొడిపెలు నలభైకి పైగా ఉంటాయి. ఒక్కొక్కదాన్నీ గోరంత బ్లేడుతో చెక్కి, కీబోర్డుని రేకుతో సహా పైకి లేపాడు. అదే మోడలుకు సరిపోయే కొత్తది అరలో ఉంది. దాన్ని కూర్చోబెట్టి, బొడిపెల్ని వేడి కడ్డీతో అదిమి, నాడాలాంటి పల్చటి కేబుల్‌ని దాని గాడిలోకి తోసి పిన్ను మూశాడు. మూసి, ఆన్ చేసి, ప్రతి బటనూ మూడేసి సార్లు నొక్కి చూశాడు. అన్నీ ఒక్క నొక్కుకే పలికాయి.

ఆ కొట్టులో ఒక నియమం ఉంది. కీబోర్డు మార్పించుకున్న మనిషి ఎవరైనా సరే, స్టూలు మీద కూర్చుని తన చేత్తో రెండు వరుసలు కొట్టి చూపించాకే లాప్‌టాప్ పట్టుకెళ్లాలి. ఒక్కొక్కరి చెయ్యి ఒక్కో రకం, నేను కొడితే బాగున్నది నీకు బాగుండకపోవచ్చు అంటాడు. కోర్టు నుంచి వచ్చిన గుమాస్తా అయినా, వీధి మలుపులో జిరాక్సు తీసేవాడైనా అతని దగ్గర కూర్చుని కొట్టాల్సిందే.

పదకొండుంబావుకి అక్క వచ్చింది. కొత్త కీబోర్డు చూసి మురిసిపోయింది.

"ఓసారి కూర్చుని కొట్టి చూడక్కా."

"పోరా! పదకొండేళ్లుగా కొడుతున్నదాన్ని, నువ్వు నాకు పరీక్ష పెడతావా? బస్సు వచ్చేస్తుంది."

"రెండు నిమిషాలేగా..."

"రాత్రికి ఇంటికొచ్చి పెట్టు నీ పరీక్ష," అంటూ ఆవిడ అప్పుడే మెట్లెక్కేస్తోంది. భూతద్దం ఇంకో మాట అనలేదు. అక్కతో ఇంకో మాట అనడం అతనికి చిన్నప్పట్నుంచీ అలవాటు లేదు.

ఒంటిగంటకి భోజనం చేశాడు. చేతులు కడుక్కుని వచ్చి, పీకేసిన పాత కీబోర్డుని ముందు పెట్టుకున్నాడు. అలా పీకిన వాటిని అతను వెంటనే పారెయ్యడు. పరీక్షించే బోర్డుకి తగిలించి, ఏ బటన్లు బతికున్నాయో చూసి, పనికొచ్చేవి ఊడదీసి డబ్బాల్లో వేసుకుంటాడు. వరుసగా నొక్కుకుంటూ పోయాడు. అన్నీ పలుకుతున్నాయి. సున్నా దగ్గరికొచ్చాడు. నొక్కాడు. తెర మీద ఏమీ పడలేదు.

మళ్లీ నొక్కితే సున్నా పడింది.

దుమ్మేమో అనుకుని ఊది, మళ్లీ మొదలుపెట్టాడు. మొదటి నొక్కుకి ఏమీ లేదు, రెండో నొక్కుకి పడింది. మూడోదానికి లేదు, నాలుగోదానికి పడింది. ఇరవైసార్లు నొక్కి చూశాడు. ఇరవైకి పది సున్నాలే పడ్డాయి, అదీ లెక్క తప్పకుండా. బటన్ కింది రబ్బరు చీలిపోయి, మొదటి దెబ్బకి పక్కకి ఒరిగి, రెండో దెబ్బకి సరిగ్గా తగులుతోంది. నిన్నమొన్న పాడైంది కాదది. కొన్నేళ్లుగా అలాగే ఉండి ఉండాలి.

మరి అక్క ఈ సంగతి చెప్పలేదేం? భూతద్దం ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాడు. ఏ చిన్న లోపమున్నా ఊరంతా ఏకరువు పెట్టే మనిషి, సున్నా సరిగ్గా పడటం లేదని ఒక్క మాట కూడా అనలేదు. తెలిస్తే కదా చెప్పడానికి. ఎప్పుడో తెర చూస్తూ కొట్టే రోజుల్లోనే, ఆవిడకి తెలియకుండానే ఆవిడ బొటనవేలు నేర్చేసుకుంది. పడకపోతే మళ్లీ కొట్టడం, మళ్లీ మళ్లీ కొట్టడం, చివరికి ఒక్క సున్నాకి రెండు దెబ్బలు కొట్టడం. ఇప్పుడా వేలు కొత్త కీబోర్డు మీదుంది. ఆ కీబోర్డులో సున్నా ఒక్క దెబ్బకే పడుతుంది. తనే కదా మూడుసార్లు నొక్కి చూసి సంతోషించింది.

పది కొడితే వంద. ఇరవై కొడితే రెండొందలు.

ఇన్సులిన్ సంగతి అక్క ఎన్నోసార్లు చెప్పింది. షుగరు మరీ పెరిగిపోయిన వాళ్లకి సెలైన్‌లో పది యూనిట్లో ఇరవై యూనిట్లో కలిపి పంపిస్తారట. అంతా కలిపి రెండు మూడు చుక్కలు. పదింతలు కలిపినా సంచిలో నీళ్లు నీళ్లలాగే కనబడతాయి. ఎక్కువైతే యంత్రం ఆగే హద్దు ఒకటి ఉండేది గానీ, పెద్ద పెద్ద సంచులు చేసేటప్పుడు మాటిమాటికీ ఆగిపోతోందని దాన్ని ఎప్పుడో ఎత్తేశారు. సంచి మీద అంటించే చీటీ పైనుంచే అచ్చయి వస్తుంది, అందులో ఉండేది డాక్టరు రాసిన అంకె. సంచిలోకి దిగేది అక్క కొట్టిన అంకె. ఆ రెండూ వేరైతే పైనున్న నర్సుకి తెలిసే దారే లేదు.

అక్కకి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మందుల గదిలోకి ఫోన్లు పట్టుకెళ్లనివ్వరు, బయట అరలో పెట్టి తాళం వేసుకోవాలి. తెలిసి కూడా నాలుగుసార్లు చేశాడు. గోడ గడియారంలో ఒకటీ ముప్పై అయిదైంది.

ఆస్పత్రి రిసెప్షన్ నంబరు వెతికి చేశాడు. రెండో రింగుకే ఎత్తారు.

"చెప్పండి, ఎవరు కావాలి?" అంది ఒక ఆడగొంతు.

ఏం చెప్పాలి? మందుల గదిలో తప్పు జరుగుతోంది అంటే, మీకెలా తెలుసంటారు. కీబోర్డు మార్చాను అంటే, ఎక్కడ మార్చావు, ఎవరు తెచ్చారు అంటారు. సాయంత్రానికల్లా అక్క రోడ్డు మీద ఉంటుంది. తన నోటితోనే ఆ ఇంటి దీపం ఆర్పినట్టవుతుంది.

"హలో? వినబడుతోందా? చెప్పండి."

అప్పుడే అతనికి ట్రాలీ గుర్తొచ్చింది. చేసిన సంచులన్నీ ట్రాలీ మీద పేర్చి, రెండున్నరకి ఒకేసారి వార్డులకి తోసుకెళతారని అక్క చెబుతుంటుంది. అంటే ఇంకా దాదాపు గంట ఉంది. తను స్కూటరు మీద అరగంటలో వెళ్లిపోతాడు. అక్క చెవిలో ఒక్క మాట వేస్తే చాలు, ఆవిడే ఆ సంచులు తీసి పారబోసి కొత్తవి చేసుకుంటుంది. మూడో కంటికి తెలియదు. ఎవరికీ ఏమీ కాదు.

ఫోను పెట్టేశాడు.

దారిలో వంతెన మీద రిపేరు పనులు జరుగుతున్నాయి. ఒక పక్క ఆపి ఒక పక్క వదులుతున్నారు. లారీ వెనక ఇరుక్కుపోయాడు. టైముంది, టైముంది అని పైకే గొణుక్కున్నాడు. పక్క బండి ఆవిడ ఇతన్నొకసారి ఎగాదిగా చూసి, తన బండి కొంచెం దూరంగా జరుపుకుంది.

ఆస్పత్రి వెనక గేటు చేరేసరికి రెండూ పది.

"ఎవరి కోసం?" అన్నాడు గార్డు.

"మందుల గదిలో మా అక్క ఉంది. ఒక్క నిమిషం మాట్లాడాలి."

"డ్యూటీలో ఉన్నవాళ్లని పిలవకూడదు. పనేంటి?"

"ఇంటి పని."

"అయితే కూర్చోండి. వాళ్లకి టీ టైము ఉంటుంది."

భూతద్దం కూర్చున్నాడు! ఆ సిమెంటు బెంచీ మీద, నుదుటి మీద భూతద్దంతో సహా, ఎనిమిది నిమిషాలు కూర్చున్నాడు. అసలు సంగతి చెబితే ఆ గార్డే ఇతన్ని లాక్కుని పరిగెత్తేవాడు. ఎనిమిది నిమిషాలయ్యాక లేచి, "ఇంట్లో బావకి ప్రాణం మీదికొచ్చింది" అని ఒక అబద్ధం చెప్పాడు. అబద్ధానికి గేటు తెరుచుకుంది.

నేలమాళిగ నడవాలో తెల్లటి దీపాలు, మందుల వాసన. గది గోడకి పెద్ద అద్దం ఉంది. అద్దం అవతల అక్క, తల నుంచి కాలి దాకా నీలం గౌనులో, కళ్లు మాత్రమే కనబడుతూ కూర్చుని ఉంది. ఎడమ చేత్తో చీటీ తిప్పుతోంది, కుడి చెయ్యి అంకెల మీద ఆడుతోంది. అద్దం మీద తట్టగానే తమ్ముణ్ని చూసి కళ్లతోనే నవ్వి, వేలెత్తి ఆగమంది. ఆ వేలే మళ్లీ కిందికి వెళ్లి అంకె కొట్టింది. భూతద్దం రెండు చేతులతో అద్దాన్ని బాదాడు.

అక్క కంగారుగా తలుపు దగ్గరికొచ్చింది. "ఏంట్రా? మీ బావకేమైనా..."

"బావ బాగానే ఉన్నాడు. అక్కా, సున్నా ఎన్నిసార్లు కొడతావు?"

"అదేం ప్రశ్నరా? ఒకసారి."

"ఇదిగో, ఈ బల్ల మీద పది కొట్టు. ఎప్పుడూ కొట్టినట్టే కొట్టు. నా మొహం చూస్తూ కొట్టు."

పిచ్చివాణ్ని చూసినట్టు చూసి, స్టీలు బల్ల మీద కొట్టింది. చూపుడువేలు ఒకసారి పడింది. బొటనవేలు రెండుసార్లు పడింది. అక్క తలొంచి తన చేతి వంక చూసుకుంది. మళ్లీ కొట్టింది. మళ్లీ బొటనవేలు రెండుసార్లే పడింది. ఆ చెయ్యి తనది కానట్టు, దాన్ని రెండో చేత్తో పట్టుకుంది.

"పాత కీబోర్డులో సున్నా రెండు దెబ్బలకి గాని పడేది కాదు. కొత్తదానిలో..." అంటుండగానే ఆవిడ లోపలికి పరిగెత్తింది. తెర మీద మధ్యాహ్నం నుంచి కొట్టిన అంకెలన్నీ పైకి లాగి చూసింది. పది ఉండాల్సినచోట వంద. ఇరవై ఉండాల్సినచోట రెండొందలు. ఎనిమిదీ పన్నెండూ మాత్రం ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి.

ట్రాలీ ఇంకా గుమ్మం దగ్గరే ఉంది. అక్క గబగబా సంచులు ఒక్కొక్కటే తీసి, చీటీలు చూస్తూ బల్ల మీద పడేసింది. అయిదు తప్పు సంచులు. అయిదూ అక్కడే ఉన్నాయి. భూతద్దం గోడకి జారగిలబడి నేల మీద కూలబడ్డాడు. గుండెల మీంచి బండ దించినట్టయింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అనుకున్నట్టే అయింది, టైముకే వచ్చాను అనుకున్నాడు.

అక్క మాత్రం కదలడం లేదు. తెర మీద వేలు పెట్టి నిలబడి ఉంది.

"ఆరు ఉండాలిరా."

"ఏంటి?"

"ఇక్కడ ఆరున్నాయి. బల్ల మీద అయిదే ఉన్నాయి." ఆవిడ టైము గడి చూసింది. "ఒకటి అర్జంటని నర్సు వచ్చి చేత్తో పట్టుకెళ్లింది. ఒకటీ నలభై అయిదుకి."

గోడ ఫోను అందుకుని మూడో అంతస్తుకి కలిపింది. అవతలి నర్సు మాట నేల మీద కూర్చున్న భూతద్దానికి కూడా వినబడింది. చాలా హుషారుగా చెబుతోంది. "ఆవిడేనా? బాగుందండీ. మూడు రోజుల్నుంచి కంటి మీద కునుకు లేదు పాపం. మీ సంచి పెట్టిన అరగంటకే హాయిగా నిద్రపోయింది. వాళ్లమ్మాయి కూడా లేపొద్దండి అంటోంది."

"నిద్ర కాదు!" అని అరిచింది అక్క. "ఆ సంచి పీకెయ్! అందులో ఇన్సులిన్ పదింతలుంది. షుగరు చూడు, గ్లూకోజు ఎక్కించు, డాక్టర్ని పిలువు. నేను చేసిన తప్పది, నేను చెబుతున్నా, ముందు పీకెయ్!"

ఫోను వేలాడుతుండగానే మెట్ల వైపు పరిగెత్తింది. గౌను కాళ్లకి అడ్డం పడుతుంటే చేత్తో ఎత్తి పట్టుకుని మూడో అంతస్తు దాకా ఎక్కింది. వెనకే ఇతనూ పడుతూ లేస్తూ ఎక్కాడు.

మంచం మీద ఒక పెద్దావిడ. బతుకంతా బట్టలు కుట్టిన మనిషట, వేళ్ల చివర్లు కాయలు కాసి ఉన్నాయి. ఒళ్లంతా చెమటతో తడిసిపోయింది. డాక్టరు పెద్ద సిరంజితో గ్లూకోజు ఎక్కించాడు, ఇంకొకటి ఎక్కించాడు, పేరు పెట్టి పిలిచాడు, స్పృహ వస్తుందేమోనని రొమ్ము మీద పిడికిలితో గట్టిగా రుద్దాడు. వేలిమీద సూది గుచ్చి చూస్తే షుగరు పెరుగుతోంది. కళ్లు మాత్రం తెరవలేదు. గంట గడిచింది. మెదడుకి ఎంతసేపు షుగరు అందలేదో దాన్ని బట్టి ఉంటుంది, రేపటి దాకా ఏమీ చెప్పలేను అన్నాడు డాక్టరు.

అక్క నర్సుల బల్ల దగ్గర కూర్చుని కాగితం రాస్తోంది. తప్పు జరిగితే నింపాల్సిన ఫారం అది. లాప్‌టాప్ బయటికి పట్టుకెళ్లానని తనే రాసింది. తమ్ముడి చేత కీబోర్డు మార్పించానని రాసింది. ఎక్కడా ఏదీ దాచలేదు. రాయడం ఆపినప్పుడల్లా బొటనవేలిని అరచేతిలోకి ముడిచి దాచుకుంటోంది.

రోగి కూతురు వార్డులోంచి బయటికొచ్చింది. ఈడు ఇంచుమించు భూతద్దం ఈడే. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది. ఎవరు చెప్పారో ఏమో, తిన్నగా ఇతని దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"మీరేనటగా పరిగెత్తుకొచ్చింది? తెలిసిన వెంటనే వచ్చేశారట. మీరు రాకపోతే మా అమ్మని నిద్రపోతోందనే వదిలేసేదాన్నండీ. లేపొద్దని నేనే చెప్పాను." ఆవిడ మళ్లీ ఏడ్చింది. "మీ మేలు మర్చిపోను."

భూతద్దం ఏమీ అనకుండా ఊరుకుంటే సరిపోయేది. జీవితంలో ఎన్నోసార్లు అలాగే ఊరుకున్నాడు.

ఫారంలో ఇంకొక్క గడి ఖాళీగా ఉంది. అక్క తలెత్తకుండానే అడిగింది. "తప్పు జరిగిందని నీకెప్పుడు తెలిసిందిరా? టైము రాయాలిట."

ఒకటీ యాభై అని నోటిదాకా వచ్చింది. అలా చెబితే కాదనేవాళ్లు లేరు. వార్డు తలుపు అద్దం అవతల కొంచెం తెరిచిన నోటితో పడుకున్న పెద్దావిడ వంక చూశాడు. తన చేతులు పట్టుకున్న చేతుల వంక చూశాడు.

"ఒకటీ ముప్పై అయిదుకి," అన్నాడు.

అక్క కలం ఆగింది. కూతురికి ఇంకా అర్థం కాలేదు. ఒకసారి ఇతని వంకా ఒకసారి అక్క వంకా చూస్తోంది.

"ఈ ఆస్పత్రికే ఫోను చేశాను," అన్నాడు భూతద్దం. "ఎత్తారు కూడా. చెప్పమన్నారు. నీ ఉద్యోగం పోతుందని పెట్టేశాను. ట్రాలీ కదిలేలోపు వచ్చేస్తా కదా అనుకున్నాను."

"ఒకటీ నలభై అయిదుకేగా సంచి తెచ్చింది," అంది కూతురు మెల్లగా. ఆ అంకె ఆవిడ నర్సు నోట అప్పటికే విని ఉంది.

అక్క తమ్ముడి మొహంలోకి కాసేపు చూసి, ఆ టైమే గడిలో రాసి, కింద సంతకం పెట్టింది. కూతురు ఇతని చేతులు వదిలేసి, వెళ్లి తల్లి మంచం పక్కన కూర్చుంది.